నడవని టెస్టుల లెక్క

విశ్వేశ్వరయ్య సాంకేతిక విశ్వవిద్యాలయం 2022 స్కీములో, ఆరో సెమిస్టరు వాళ్లు ఎంచుకోదగ్గ ల్యాబుల్లో డెవాప్స్ ఒకటి. మేవెన్, గ్రేడిల్, జెంకిన్స్, ఆన్సిబుల్, అజ్యూర్ డెవాప్స్ అంటూ ఒక్కోదాన్నీ పేరు పెట్టి పలకరించి ముందుకు సాగిపోయే కోర్సు. అందులో జెంకిన్స్ మీద ఒక అభ్యాసం ఉంది. పైప్‌లైను పెట్టాలి, దానికి మేవెనో గ్రేడిలో తగిలించాలి, బిల్డూ టెస్టులూ వాటంతటవే నడిచేలా చెయ్యాలి. చిక్కబళ్లాపురం చుట్టుపక్కల ఇంజనీరింగు చదివే పిల్లల్లో చాలామందికి సిలబస్సు ఈ విశ్వవిద్యాలయానిదే. దాని పీజీ కేంద్రం ఒకటి ఊరికి దగ్గర్లోనే, విశ్వేశ్వరయ్య పుట్టిన ముద్దేనహళ్లిలోనే ఉంది. అభ్యాసం పూర్తయితే తెర మీద పచ్చ గుర్తు పడుతుంది, ఆ తెర బొమ్మ రికార్డు పుస్తకంలోకి ఎక్కుతుంది, మార్కులు పడతాయి.

సరే, పచ్చ గుర్తు పడింది. ఎన్ని టెస్టులు నడిచాయి? ఎన్ని నడవాల్సింది? ఈ రెండు ప్రశ్నలు అభ్యాసంలో లేవు. బాగేపల్లి నుంచో చింతామణి నుంచో బెంగుళూరు బస్సెక్కి టెస్టింగు ఉద్యోగంలో చేరినవాళ్లకు మాత్రం అసలు పని అక్కడే మొదలవుతుంది. టెస్టులు నడపడం యంత్రానికి చెప్పడం సులువు. నడిచిన సంగతి మనిషికి అర్థమయ్యేలా, నమ్మదగినట్టుగా చెప్పించడం వేరే పని. ఈ వ్యాసం ఆ రెండో పని గురించి.

(రంగు విషయం ఒకటి దారిలోనే చెప్పేస్తాను. జెంకిన్స్‌లో చాలా ఏళ్లు గెలుపు రంగు నీలం. దాన్ని తయారుచేసిన కొసుకె కవాగుచి జపాను మనిషి. అక్కడ బండ్లకు దారి వదిలే దీపాన్ని నీలం అనడం అలవాటు. పచ్చే కావాలని పట్టుబట్టినవాళ్లు అందుకోసం ప్రత్యేకంగా ఒక ప్లగిన్ వేసుకునేవాళ్లు. సాఫ్ట్‌వేరు లోకంలో చాలా ప్లగిన్లకన్నా అదే ఎక్కువమందిని సంతోషపెట్టి ఉంటుంది.)

ముందు నేపథ్యం, త్వరగా. పదిమంది కలిసి ఒకే సాఫ్ట్‌వేరు రాస్తున్నప్పుడు ఎవరి ముక్క వాళ్లు నెలల తరబడి విడిగా రాసుకుని చివర్లో అతికిస్తే అతకదు. అందుకని ప్రతివాళ్లూ రోజూ తమ మార్పులను ఉమ్మడి కోడులో కలపాలి. కలిపిన ప్రతిసారీ ఒక సర్వరు ఆ కోడును తెచ్చుకుని, బిల్డు చేసి, టెస్టులు నడిపి చూడాలి. దీన్నే కంటిన్యువస్ ఇంటిగ్రేషన్ అంటున్నారు. సర్వరు వరసగా చేసే ఈ పనుల క్రమమే పైప్‌లైను, అందులో ఒక్కో పనీ ఒక మెట్టు. 1990ల చివర్లో కెంట్ బెక్ ప్రచారంలోకి తెచ్చిన ఎక్స్‌ట్రీమ్ ప్రోగ్రామింగుతో ఇది బాగా వ్యాపించింది. కవాగుచి సన్ మైక్రోసిస్టమ్స్‌లో ఉద్యోగం చేస్తూ 2004లో హడ్సన్ అనే సర్వరు రాయడం మొదలుపెట్టాడు. సన్‌ను ఒరాకిల్ కొన్నాక పేరు ఎవరిదన్న పేచీ వచ్చి, 2011లో అది జెంకిన్స్ అయింది. గిట్‌హబ్ యాక్షన్స్, గిట్‌ల్యాబ్ వంటివి తర్వాత వచ్చాయి. పేర్లు వేరైనా వాటి గుండె ఒకటే.

ఆ గుండెకు తెలిసింది ఒక్క అంకె. టెస్టులు నడిపిన ప్రోగ్రాము ముగిసేటప్పుడు ఒక సంఖ్య వదిలిపోతుంది. సున్నా అయితే బాగుంది, ఇంకేదైనా అయితే బాగోలేదు. దీన్ని ఎగ్జిట్ కోడ్ అంటారు, యూనిక్స్ కాలం నాటి ఆచారం. మిగతా భోగట్టా అంతా లాగులో ఉంటుంది. లాగంటే వేల వరసల పాఠం. అందులో సగానికి పైగా ఏ లైబ్రరీని ఎక్కడినుంచి దింపుకున్నామో చెప్పే సోది. ఫెయిలైన టెస్టు పేరు ఆ మధ్యలో ఎక్కడో ఉంటుంది. వెతికితే దొరుకుతుంది. రాత్రి పదకొండింటికి వెతికే ఓపిక ఉన్నవాళ్లే దొరకరు.

ఉదాహరణ కోసం చింతామణి టమాట మండీకి పట్టీలు వేసే చిన్న సాఫ్ట్‌వేరు ఒకటి రాశామనుకుందాం. రైతు తెచ్చిన బాక్సులెన్ని, వేలంలో బాక్సు ఎంత పలికింది, బాడుగా కూలీ పోను చేతికొచ్చేదెంత అని లెక్క కడుతుంది. దీనికి 120 టెస్టులు ఉన్నాయనుకుందాం. ఒకటి ఫెయిలైంది. ఏది, ఎందుకు, ఎప్పటినుంచి, ఎవరి మార్పు తర్వాత అన్న నాలుగు సంగతులు ఒక్క చూపులో కనపడాలి. దానికి కావలసిన ముడిసరుకు ఒక ఫైలు.

ఆ ఫైలు పుట్టుక తమాషాగా ఉంటుంది. 1997లో కెంట్ బెక్, ఎరిక్ గామా ఇద్దరూ జ్యూరిచ్ నుంచి అట్లాంటాకు విమానంలో పోతూ, కాలక్షేపానికి జావా కోసం టెస్టు చట్రం ఒకటి రాయడం మొదలుపెట్టారు. అదే జేయూనిట్. దాని ఫలితాలను ఆంట్ అనే బిల్డు పనిముట్టు ఒక ఎక్స్‌ఎంఎల్ ఫైలుగా రాసిపెట్టింది. ఆ ఫైలు ఇలాగే ఉండాలని ఏ ప్రమాణాల సంస్థా తీర్మానించలేదు, ఎవరూ ఓటు వెయ్యలేదు. అయినా పైథాన్, జావాస్క్రిప్ట్, పీహెచ్‌పీ పనిముట్లు కూడా ఇప్పుడు అదే రూపంలో ఫలితాలు రాయగలవు, జెంకిన్సూ గిట్‌ల్యాబూ అదే రూపాన్ని చదువుతాయి. తలా ఒక చిన్న తేడాతో రాస్తాయనుకోండి. ప్రమాణం లేని ప్రమాణానికి ఆ మాత్రం తప్పదు.

అందులో ఏముంటుందంటే, పైన మొత్తం లెక్క: ఎన్ని టెస్టులు, ఎన్ని ఫెయిల్యూర్లు, ఎన్ని ఎర్రర్లు, ఎన్నింటిని దాటవేశాం, ఎంతసేపు పట్టింది. కింద ఒక్కో టెస్టుకూ పేరు, సమయం, ఫెయిలైతే కారణం. ఇందులో ఫెయిల్యూరుకూ ఎర్రరుకూ ఉన్న తేడాను చాలామంది పట్టించుకోరు గానీ, పట్టించుకోవాలి. బాక్సుకు 450 రావాల్సిన చోట 405 వచ్చిందంటే ఫెయిల్యూరు: ప్రశ్న అడిగాం, జవాబు తప్పొచ్చింది. డేటాబేసు అసలు పలకనే లేదంటే ఎర్రరు: ప్రశ్న అడగడమే కుదరలేదు. మొదటిది తరచూ కోడు రాసినవాళ్లు చూడాల్సింది, రెండోది తరచూ సర్వరు చూసుకునేవాళ్లది. ఈ రెంటినీ ఒకే ఎర్రరంగులో కలిపేసిన రిపోర్టు ఇద్దరినీ సమానంగా విసిగిస్తుంది.

ఫైలు రాయించడం కష్టం కాదు. మేవెన్ వాడేవాళ్లకు ష్యూర్‌ఫైర్ అనే ప్లగిన్ టార్గెట్ ఫోల్డరు లోపల ష్యూర్‌ఫైర్ రిపోర్ట్స్ అన్న ఫోల్డరులో అడక్కుండానే రాసిపెడుతుంది. పైథాన్ వాళ్లు వాడే పైటెస్ట్‌కు ఆదేశంలో ఒక మాట చేర్చి, ఫైలు పేరు చెబితే చాలు. తర్వాత పైప్‌లైనులో ఒక మెట్టు పెట్టి, ఆ ఫైళ్లు చదవమని సర్వరుకు చెప్పాలి. జెంకిన్స్‌లో దానికి జేయూనిట్ అనే మెట్టే ఉంది.

ఆ మెట్టును ఎక్కడ పెడతామన్నదే చిక్కు. సహజంగా టెస్టుల మెట్టు తర్వాత వరసలో పెడతాం. టెస్టులు పాసైతే పైప్‌లైను ముందుకు నడిచి, రిపోర్టు మెట్టు దాకా వచ్చి, చక్కని రిపోర్టు తయారవుతుంది. టెస్టు ఫెయిలైతే పైప్‌లైను అక్కడే ఆగిపోతుంది, రిపోర్టు మెట్టు దాకా రానే రాదు. అంటే రిపోర్టు అక్కర్లేని రోజున క్రమం తప్పకుండా వస్తుంది, కావలసిన రోజున రాదు. ప్రభుత్వ కార్యాలయాలతో పరిచయమున్న పాఠకులకు ఇది కొత్తగా అనిపించకపోవచ్చు.

మందు సులువే. జెంకిన్స్‌లో అన్ని మెట్లూ అయ్యాక వచ్చే పోస్ట్ అనే భాగంలో, ఆల్వేస్ అన్న షరతు కింద జేయూనిట్ మెట్టు పెట్టాలి. గిట్‌హబ్ యాక్షన్స్‌లో ఆ మెట్టుకు, ముందున్నది ఫెయిలైనా సరే, ఎవరైనా పని రద్దు చేస్తే తప్ప నడవాలన్న షరతు రాయాలి. గిట్‌ల్యాబ్ ఈ విషయంలో దయగలది. రిపోర్టు రకం ఫైళ్లను పని ఫెయిలైనా అదే ఎక్కిస్తుంది. గిట్‌హబ్‌కు ఇంకో లోటుంది. జేయూనిట్ ఫైలును తనంతట తాను చదివి చూపించదు. ఎవరో రాసిన యాక్షను వాడుకోవాలి, లేదా 2022లో వచ్చిన జాబ్ సమ్మరీ సదుపాయంలోకి మనమే చిన్న స్క్రిప్టుతో పట్టిక రాసుకోవాలి. నాకైతే రెండోదే మేలనిపిస్తుంది. ముప్పై వరసల స్క్రిప్టును మనం చదవగలం, ఊరూ పేరూ తెలియని యాక్షనులో ఏముందో రోజూ చదవలేం.

ఇంతవరకూ ఏ పాఠంలోనైనా దొరుకుతుంది. దొరకనిదాని కోసం బాగేపల్లి వెళ్లాలి.

1977 నుంచి బాగేపల్లి కేంద్రంగా అడాట్స్ అనే స్వచ్ఛంద సంస్థ పనిచేస్తోంది. అక్కడి కూలీ సంఘాలతో కలిసి అది గోబర్ గ్యాసు పథకం ఒకటి తలపెట్టింది. బాగేపల్లి, చిక్కబళ్లాపురం, చింతామణి, గుడిబండ, శిడ్లఘట్ట తాలూకాల పల్లెల్లో 5,500 ఇళ్లకు తలా ఒక రెండు ఘనమీటర్ల గ్యాసు గుంత. అప్పటికి ఇవన్నీ కోలారు జిల్లా. చిక్కబళ్లాపురం జిల్లా 2007లో ఏర్పడింది. ఇంట్లో ఆవుల పేడ, నీళ్లు కలిపి గుంతలో పోస్తే పొయ్యికి గ్యాసు వస్తుంది, కట్టెలూ కిరసనాయిలూ తగ్గుతాయి. ఈ పథకాన్ని క్యోటో ఒప్పందం కింద క్లీన్ డెవలప్‌మెంట్ మెకానిజంలో 2005 డిసెంబరులో నమోదు చేశారు. ఒక టన్ను కార్బన్ డయాక్సైడుకు సమానమైన ఉద్గారం తగ్గితే ఒక క్రెడిటు. ఆ క్రెడిట్లను ధనిక దేశాల వాళ్లు కొనేవాళ్లు.

కొనేవాడు ఎక్కడో ఐరోపాలో ఉండేవాడు. పొయ్యి ఎక్కడో బాగేపల్లి తాలూకాలో ఉంది. అది వెలుగుతోందని ఎలా తెలుస్తుంది? ఇలాంటి చిన్న చిన్న యూనిట్ల ప్రాజెక్టులకు ఐక్యరాజ్యసమితి పెట్టిన పద్ధతి ముఖ్యంగా అడిగేది, ఏటా నిజంగా పనిచేస్తున్నవి ఎన్ని అని. కట్టినవి ఎన్ని అన్నది వేరే లెక్క. ఆవును అమ్మేసి ఉండొచ్చు, కరువొచ్చి మేత లేకపోవచ్చు, గుంత డోము పగిలి ఉండొచ్చు, గొట్టం కారుతుండొచ్చు. కారణం ఏదైనా పొయ్యి వెలగని ఇంటిని వెలిగిన ఇంటిగా చూపించి డబ్బు తీసుకోకూడదు. పథకం నడిపేవాళ్లు పర్యవేక్షణ రిపోర్టు రాసేవాళ్లు, దాన్ని వాళ్లతో సంబంధం లేని తనిఖీ సంస్థ సరిచూసేది, ఆ తర్వాతే క్రెడిట్లు.

ఇందులో సాఫ్ట్‌వేరు వాళ్లు నేర్చుకోవాల్సింది 5,500 అన్న అంకె నుంచి. అది రిపోర్టు రాసేటప్పుడు పుట్టిన అంకె కాదు. ముందే దాఖలైన పత్రంలో, బాన్ నగరంలో ఉన్న ఐరాస వాతావరణ కార్యాలయం దగ్గర ఉంది. కాబట్టి 5,200 పొయ్యిలు బాగా వెలుగుతున్నాయని ఎవరైనా రాస్తే, చదివేవాడు వెంటనే అడిగేది మిగతా మూడొందల సంగతి. మన టెస్టు రిపోర్టులో ఆ అడుగు సంఖ్య, అంటే మొత్తం ఎన్ని ఉండాలన్న లెక్క, లేదు. అది ఎన్ని టెస్టులు నడిచాయో వాటినే మొత్తం అనుకుంటుంది. 120 టెస్టుల్లో 80 మాత్రమే నడిచి, 80 పాసైతే, రిపోర్టు నూటికి నూరు అంటుంది. అబద్ధం ఏమీ లేదు. వెలుగుతున్న పొయ్యిల దగ్గరికి మాత్రమే వెళ్లి, అన్ని పొయ్యిలూ వెలుగుతున్నాయని రాసినట్టు.

టెస్టులు చడీచప్పుడు లేకుండా ఎలా మాయమవుతాయో చూడండి. ష్యూర్‌ఫైర్ జావా ఫైళ్లన్నిటినీ టెస్టులనుకోదు. పేరు టెస్ట్ అన్న మాటతో మొదలైతేనో, టెస్ట్, టెస్ట్స్, టెస్ట్‌కేస్ అన్న మాటల్లో ఒకదానితో ముగిస్తేనో నడుపుతుంది. కొత్తగా చేరినవాళ్లు బాడుగ లెక్కల టెస్టులన్నీ రాసి ఫైలుకు బాడుగ చెక్ అని పేరు పెడితే, ఆ ఫైలు జన్మలో నడవదు, నడవలేదని ఎవరూ చెప్పరు. అసలు ఒక్క టెస్టూ దొరక్కపోయినా ష్యూర్‌ఫైర్ మామూలుగా తప్పనదు. తప్పనమని మనం విడిగా సెట్టింగు పెట్టాలి. పైటెస్ట్ కొంచెం కటువు మనిషి. టెస్టులేవీ దొరక్కపోతే సున్నా బదులు ఐదు అనే ఎగ్జిట్ కోడ్ ఇచ్చి బిల్డును ఆపుతుంది. అయితే అది పూర్తిగా సున్నా అయినప్పుడే. 120లో 40 తగ్గితే అదీ ఏమీ అనదు.

పాత రిపోర్టు సంగతి ఇంకోటి. ముందటి బిల్డు వదిలిన ఫైళ్లు ఫోల్డరులో అలాగే ఉండి, ఈసారి టెస్టులు నడవకపోతే, నిన్నటి పచ్చ ఇవాళ మళ్లీ కనపడే ప్రమాదం ఉంది. జెంకిన్స్ దీన్ని ఊహించింది. ఫైళ్ల సమయం చూసి, రిపోర్టులు దొరికాయి గానీ ఒక్కటీ కొత్తది కాదు, అసలు టెస్టులు నడిచాయా అని నిలదీస్తుంది. అలాగే ఒక్క ఫైలూ దొరక్కపోతే బిల్డును ఫెయిలు చేస్తుంది. ఖాళీగా ఉన్నా పర్వాలేదని చెప్పే సెట్టింగు కూడా ఉంది. ఏదో శుక్రవారం సాయంత్రం ఎవరో తొందరలో ఆ సెట్టింగు పెడతారు, ఆ తొందర తీరాక ఎవరూ తియ్యరు. మీ పైప్‌లైనులో అది ఉందేమో ఇవాళే చూసుకోండి.

అన్నిటికన్నా నమ్మించి మోసగించేది ముక్కలుగా నడిపే పద్ధతి. టెస్టులు ఎక్కువైతే నాలుగు యంత్రాలకు పంచి, నాలుగు ఫైళ్లూ కలిపి ఒక రిపోర్టు చేస్తాం. మూడో యంత్రం మధ్యలో మెమొరీ చాలక చచ్చిపోతే దాని ఫైలు పుట్టదు. కలిపే స్క్రిప్టు దొరికిన మూడు ఫైళ్లను చక్కగా కలిపి, మూడొంతుల నిజాన్ని పూర్తి నిజంలా అచ్చు వేస్తుంది. కలిపే ముందు ఫైళ్లు నాలుగున్నాయా అని లెక్కపెట్టే ఒక్క వరస రాస్తే ఇది ఆగుతుంది.

అడుగు సంఖ్యను దాఖలు చెయ్యడం ఎలాగంటే, కోడుతో పాటే ఒక చిన్న ఫైలు పెట్టండి. అందులో ఒక్క అంకె: 120. టెస్టులు అయ్యాక ఒక స్క్రిప్టు జేయూనిట్ ఫైళ్లన్నిటి మొత్తం కూడి, దాటవేసినవి తీసేసి, ఈ అంకెతో పోల్చాలి. తక్కువైతే బిల్డు ఆగాలి. ఎవరికైనా టెస్టు తీసేయాల్సి వస్తే ఆ అంకెను కూడా అదే మార్పులో తగ్గించాలి. అప్పుడు సమీక్ష చేసేవాళ్ల కళ్లముందు, 120 కాస్తా 119 ఎందుకైందన్న ప్రశ్న తనంతట తానే నిలబడుతుంది. పెద్ద పనిముట్టేమీ అక్కర్లేదు; నాకు తెలిసి ఖర్చుకు తగ్గ ఫలితం ఇంతగా ఇచ్చేది ఈ రంగంలో మరోటి లేదు.

బాగేపల్లి పథకంలో రిపోర్టు రాసేవాళ్లు వేరు, సరిచూసేవాళ్లు వేరు అన్నాను. మన దగ్గర కోడు రాసినవాళ్లే పైప్‌లైను ఫైలునూ మార్చగలరు. టెస్టు ఆపినవాళ్లే ఆపిన సంగతి చెప్పే మెట్టునూ ఆపగలరు, దురుద్దేశమే అక్కర్లేదు, బద్ధకం చాలు. గిట్‌హబ్‌లో కోడ్ ఓనర్స్ అనే ఫైలు ఉంటుంది. పైప్‌లైను ఫైలూ అంకె ఫైలూ మారితే ఫలానావాళ్ల సమ్మతి కావాలని అందులో రాసి, బ్రాంచి నియమాల్లో దాన్ని తప్పనిసరి చెయ్యొచ్చు.

ఇక రిపోర్టు ఎవరికి వెళ్లాలి? విశ్వేశ్వరయ్య 1903లో పుణె దగ్గర ఖడక్‌వాస్లా జలాశయానికి పెట్టిన తలుపులు, నీటిమట్టం హద్దు దాటితే వాటంతటవే తెరుచుకునేవి, తగ్గితే మూసుకునేవి. తలుపు తెరుచుకున్న సంగతి దిగువన ఉన్నవాళ్లకు నీళ్లే చెప్పేవి, ఇంకో రిపోర్టు అక్కర్లేదు. సాఫ్ట్‌వేరుకు ఆ వసతి లేదు. టెస్టు పగిలితే ఎవరి కాళ్లూ తడవవు. అందుకని చాలా జట్లు మొత్తం అందరికీ, ప్రతి బిల్డుకూ ఈమెయిలు పంపుతాయి. వారం తిరక్కుండా అందరూ ఆ మెయిళ్లను ఒక మూల ఫోల్డరులోకి పోయేలా ఫిల్టరు పెట్టుకుంటారు. అప్పటినుంచి వ్యవస్థ అద్భుతంగా పనిచేస్తుంటుంది, ఎవరూ చూడరు.

మార్పు వచ్చినప్పుడే చెప్పడం మంచిది. నిన్న బాగుండి ఇవాళ పాడైతే చెప్పాలి, పాడైంది బాగైనా చెప్పాలి. జెంకిన్స్ పోస్ట్ భాగంలో రిగ్రెషన్, ఫిక్స్‌డ్ అన్న షరతులు అచ్చంగా ఇందుకే ఉన్నాయి. చెప్పడం కూడా ముందు ఆఖరి మార్పు చేసినవాళ్లకు. గంటలోపు కదలిక లేకపోతే జట్టుకు. సందేశంలో మొదటి వరసలోనే ఫెయిలైన టెస్టు పేరూ, నడిచినవెన్ని నడవాల్సినవెన్ని అన్న రెండు అంకెలూ ఉండాలి. లింకు చివర్లో. బస్సులో నిలబడి ఫోను చూసేవాళ్లు లింకు నొక్కరు.

టెస్టు పేరు అన్నాను కాబట్టి: టెస్టు ఒకటి, టెస్టు రెండు అని పేర్లు పెట్టినవాళ్లకు రిపోర్టు ఏ సాయమూ చెయ్యలేదు. బాక్సులు సున్నా అయితే బాడుగ పడకూడదు అన్నంత స్పష్టంగా ఉంటే, పేరు చదవగానే సగం పని అయిపోతుంది. నిజం రావాల్సిన చోట అబద్ధం వచ్చింది అన్న సందేశం వేదాంత చర్చకు పనికొస్తుంది గానీ బగ్గు పట్టుకోవడానికి పనికిరాదు. వచ్చిన విలువా, రావాల్సిన విలువా రెండూ అచ్చయ్యేలా టెస్టు రాయాలి.

ఇప్పుడు తిక్క టెస్టులు. కోడులో ఒక్క అక్షరం మారకపోయినా ఒకసారి పాసై మరోసారి ఫెయిలయ్యేవి, ఫ్లేకీ అంటారు. ఇవి పెద్దవాళ్ల ఇళ్లలోనూ ఉంటాయి. గూగుల్ 2016లో తన సంగతి తానే బయటపెట్టింది: నడిపిన టెస్టుల్లో సుమారు ఒకటిన్నర శాతం ఫలితాలు ఇలాంటివని, మొత్తం టెస్టుల్లో దాదాపు 16 శాతానికి ఎంతో కొంత ఈ తిక్క ఉందని. ఒకటిన్నర శాతం తక్కువే కదా అనిపిస్తుంది. మన 120 టెస్టులకూ అదే పాళ్లు వేస్తే సగటున బిల్డుకు దాదాపు రెండు ఉత్తుత్తి ఫెయిళ్లు. రెండు వారాలు చూశాక ఎర్రరంగుకు ఎవరూ భయపడరు, నిజంగా పగిలిన రోజున కూడా మళ్లీ నడిపి చూద్దాం అంటారు.

మళ్లీ నడపడం తప్పని నేననను. ష్యూర్‌ఫైర్‌లో ఫెయిలైనవాటిని ఇన్నిసార్లు మళ్లీ నడుపు అనే సెట్టింగు ఉంది. రెండోసారి పాసైతే బిల్డును పాసు చేస్తుంది, అయితే మొదట ఫెయిలైన సంగతిని ఎక్స్‌ఎంఎల్ ఫైలులో విడి గుర్తుతో రాసి ఉంచుతుంది. ఆ గుర్తును రిపోర్టులో చూపించాలి. దాన్ని దాచేస్తే రోగం దాచినట్టే. మరీ వేధించే టెస్టును పక్కన పెట్టొచ్చు. పక్కన పెట్టిన తేదీ, ఎవరు చూస్తారు, ఎప్పటిలోగా అన్నది టెస్టు పక్కనే రాసి పెట్టాలి. మన అంకెల స్క్రిప్టు దాటవేసినవాటిని తీసేసి లెక్క కడుతుంది కాబట్టి, పక్కన పెట్టినప్పుడల్లా 120ని 119 చెయ్యాల్సిందే. ఆ ఇబ్బంది కావాలని పెట్టిందే.

అందమైన రిపోర్టుల గురించి కొద్దిగా. యాండెక్స్‌లో పుట్టిన అల్యూర్ వంటి పనిముట్లు గీతలు, చక్రాలు, టెస్టుల చరిత్ర, తెర బొమ్మలు అన్నీ చూపిస్తాయి. బ్రౌజరు మీద నడిచే టెస్టులకు ఇవి నిజంగా పనికొస్తాయి. ఫెయిలైన క్షణంలో తెర ఎలా ఉందో చూస్తే పది వరసల లాగు చదవక్కర్లేదు. అయితే రెండు చిక్కులున్నాయి. అల్యూర్ పేజీని దింపుకుని నేరుగా రెండు నొక్కులతో తెరిస్తే లోడవుతున్నట్టు తిరుగుతూనే ఉంటుంది, మామూలుగా దానికి వెనక ఒక వెబ్ సర్వరు కావాలి. జెంకిన్స్ 2015 చివర్నుంచి భద్రత కోసం, తాను చూపించే హెచ్‌టీఎంఎల్ రిపోర్టుల్లో జావాస్క్రిప్టు నడవనివ్వదు. పేజీ బోసిగా కనపడుతుంది. చాలామంది చేసే పని ఆ భద్రతనే తీసెయ్యడం. తియ్యకుండా, రిపోర్టుల కోసం జెంకిన్స్‌కు ఇంకో వెబ్ చిరునామా ఇచ్చే సెట్టింగు ఉంది, దాన్ని వాడాలి. మేనేజరుకు చక్రాలు కావాలి కాబట్టి ఇదంతా చేస్తున్నామనిపిస్తే, ముందు పట్టికతో నెల రోజులు గడిపి చూడండి.

నిలవ కాలం కూడా ముందే తేల్చుకోవాలి. గిట్‌హబ్‌లో ఎక్కించిన ఫైళ్లు మామూలుగా 90 రోజులు, గిట్‌ల్యాబ్ వారి సొంత సర్వరులో 30 రోజులు ఉంటాయి. ఈ టెస్టు ఎప్పటినుంచి తిక్కగా ఉంది అని నాలుగు నెలల తర్వాత అడిగితే జవాబు ఉండదు. ఎక్స్‌ఎంఎల్ ఫైళ్లు చిన్నవే, వాటిని ఏడాది దాచొచ్చు. తెర బొమ్మలూ వీడియోలూ వారం చాలు.

మన వైపు వాళ్లకు ప్రత్యేకంగా ఎదురయ్యేది లిపి. చింతామణి సాఫ్ట్‌వేరులో రైతు పేరు ఒకరిది కన్నడంలో, ఇంకొకరిది తెలుగులో ఉంటుంది. జావా 18కి ముందు, అంటే 2022కు ముందటి జావాల్లో, ఫైళ్ల అక్షర సంకేతం ఏదన్నది యంత్రాన్ని బట్టి మారేది. ఇంట్లో ల్యాప్‌టాపు మీద పాసైన టెస్టు, భాష సెట్టింగు లేని సర్వరు మీద పేరంతా ప్రశ్నార్థకాలై ఫెయిలవుతుంది. రిపోర్టులో కూడా ప్రశ్నార్థకాలే కనపడతాయి కాబట్టి ఏ పేరు పాడైందో తెలీదు. పైప్‌లైనులో యూటీఎఫ్ 8 అని స్పష్టంగా రాసిపెట్టడమే దీనికి విరుగుడు. ఇంకో చిన్న పురుగు: టెర్మినల్‌లో రంగులు చూపించడానికి వాడే ఎస్కేప్ గుర్తు ఎక్స్‌ఎంఎల్‌లో నిషిద్ధం. రంగురంగుల సందేశం ఒకటి పొరపాటున ఫైలులోకి చేరితే, చదివే పనిముట్టు ఫైలు మొత్తాన్నీ తిరస్కరించొచ్చు. సర్వరు మీద రంగులు ఆపేస్తే ఎవరి అందమూ చెడదు.

చివరిది గుట్టు. టెస్టుల కోసం ఎవరో మండీ నుంచి నిజమైన రైతుల జాబితా తెచ్చి పెడతారు, కష్టం తగ్గుతుందని. టెస్టు ఫెయిలైనప్పుడు ఫోను నంబరూ బ్యాంకు ఖాతా అంకెలూ ఫెయిల్యూరు సందేశంలో, తెర బొమ్మలో అచ్చవుతాయి, లింకు ఉన్న ప్రతివాళ్లూ చూడొచ్చు. జెంకిన్స్ పాస్‌వర్డులను నక్షత్ర గుర్తులతో కప్పుతుందన్న ధీమా పనికిరాదు. అది కప్పేది లాగులో వరసలను, ఎక్కించిన ఫైళ్లలో ఉన్నవాటిని కాదు, పైగా తనకు అప్పగించిన రహస్యాలను మాత్రమే. టెస్టులకు కల్పించిన పేర్లూ అంకెలూ వాడాలి. దానితో పాటు, రిపోర్టు ఫైళ్లను ఎక్కించే ముందు వాటిలో పది అంకెల ఫోను నంబరు లాంటిది ఏదైనా ఉందేమో వెతికే మెట్టు ఒకటి పెట్టి, దొరికితే ఎక్కించకుండా బిల్డును ఆపెయ్యాలి. తెర బొమ్మల్లోపల ఆ మెట్టు వెతకలేదు కనుక కల్పిత అంకెల నియమం దాంతో తీరిపోదు. ఈ వెతుకులాటను కూడా జేయూనిట్ రూపంలో ఒక టెస్టుగా రాయించొచ్చు. అప్పుడు అంకె ఫైలులో 121 అని దిద్దుకోవాలి.